పాత కన్వర్టిబుల్ కారును ట్రైలర్‌పై వెయ్యి మైళ్ళు క్షేమంగా తీసుకురావడం ఎలా?

పోయిన జనవరిలో నేనూ మా బావమరిదీ కలిసి ఒక 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్‌ను, అంటే గుడ్డ పైకప్పును మడిచేయగల కారును, ఫీనిక్స్ నుంచి డాలస్‌కు ట్రైలర్‌లో తెచ్చుకున్నాం. దూరం సుమారు 1,060 మైళ్ళు. అంత దూరం వెళ్ళి కొనడం ఎందుకని ఇంట్లో వాళ్ళు అడిగారు. అరిజోనా ఎడారి గాలిలో తేమ తక్కువ కాబట్టి అక్కడ కార్లకు తుప్పు తక్కువ. ఆ సంగతి మామూలు కారు కంటే కన్వర్టిబుల్‌కు చాలా ముఖ్యం. రేకు పైకప్పు లేని కారుకు బలమంతా కింది నేల రేకులోనూ, తలుపుల కింద పొడవునా ఉండే దూలాల్లోనూ ఉంటుంది. అవి తుప్పు తింటే కారుకు నడుము విరిగినట్టే.

ఈ నడుము సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. కన్వర్టిబుల్‌ను ట్రైలర్ ఎక్కించేటప్పుడు మామూలు కారుకు లేని చిక్కులు రెండు: ఒకటి గాలి, రెండు ఈ నడుము. ఈ రెండింటినీ మరచి పనిచేస్తే ఎంత ఖరీదైన ట్రైలర్ తెచ్చినా లాభం లేదు. అంతకు కొన్నేళ్ళ ముందు వేరే పాత కారు ఒకటి తెస్తూ ఆ రెండు తప్పులూ చేశాను. వాటి సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మొదటి పని: మూసిన ట్రైలరా, తెరిచిన ట్రైలరా?

డబ్బు సర్దుబాటు అయితే మూసిన ట్రైలరే తీసుకోండి. వాన, రాళ్ళు, ఎండ, దారిలో ఆగినచోట జనం చేతులు, అన్నింటికీ అదే జవాబు. కానీ దాని బరువు ఎక్కువ. గాలి పక్కనుంచి కొడితే తెరచాపలా లాగుతుంది. కాబట్టి ముందు లెక్క వేసుకోవాలి.

మా లెక్క ఇది. 24 అడుగుల మూసిన ట్రైలర్ ఖాళీగా 4,300 పౌన్లు. కారు సుమారు 2,900. పనిముట్లు, విడి చక్రాలు, కారును తాడుతో లాగే వించ్ యంత్రం కలిపి 300. మొత్తం 7,500 పౌన్లు. ఇందులో 10 నుంచి 15 శాతం, అంటే 750 నుంచి 1,125 పౌన్లు, ట్రైలర్ ముక్కు మీద, అంటే దాన్ని పికప్‌కు తగిలించే హిచ్ బంతి మీద పడాలి. అంతకంటే తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది. ఎక్కువైతే పికప్ ట్రక్కు వెనకభాగం కుంగి ముందు చక్రాలు పట్టు కోల్పోతాయి. ముక్కు మీది బరువు పికప్ మోయగల సరుకు లెక్కలోకి కూడా వస్తుందని చాలామంది మరచిపోతారు. మీ పికప్ తలుపు అంచున అతికించిన కాగితం, హిచ్ మీది రేకు, రెండూ చదవండి. వాటిలో చిన్న అంకె ఏదో అదే మీ పరిమితి.

తెరిచిన ట్రైలరే దొరికితే నిరాశపడనక్కరలేదు. తేలికగా ఉంటుంది, కారు ఎక్కించడం సులువు, కట్లు కళ్ళెదుటే కనిపిస్తాయి. కానీ కన్వర్టిబుల్ పైకప్పు విషయంలో పని రెట్టింపు.

రెండో పని: ట్రైలర్‌ను అనుమానించడం

కారును ఎంత ముద్దుగా చూసుకుంటామో ట్రైలర్‌ను అంత అనుమానంగా చూడాలి. దారిలో మోసం చేసేది ఎక్కువగా అదే.

టైర్ల మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైన టైరు. ట్రైలర్ టైర్లు అరిగి చచ్చేవి తక్కువ, ముసలితనంతో పగిలేవే ఎక్కువ. అయిదారేళ్ళు దాటిన టైరు నున్నగా మెరుస్తున్నా నేను వెయ్యి మైళ్ళకు నమ్మను. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 225/75 ఆర్15 కొలత ట్రైలర్ టైరు 'డి' (D) తరగతిదైతే 65 పీఎస్‌ఐ, 'ఇ' (E) తరగతిదైతే 80. టైరు పక్కగోడ మీద ఎంత రాసి ఉంటే అంత పట్టండి. గాలి తక్కువైతే పక్కగోడ ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, వేడి పెరిగితే పొరలు ఊడిపోతాయి.

చక్రాల నట్లను, ఎంత బిగువో చూపే టార్క్ రెంచితో బిగించి, 50 మైళ్ళ తరవాత మళ్ళీ చూడాలి. దీపాలు, బ్రేకులు, ట్రైలర్ పొరపాటున తెగిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే స్విచ్చు, దాని బ్యాటరీ చూడండి. సేఫ్టీ చెయిన్లను ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేయాలి. ముక్కు జారినా ఆ చెయిన్ల ఊయలలో పడుతుంది కానీ రోడ్డుకు గుచ్చుకోదు. హిచ్ తగిలించాక తాళం పడిందని కంటితో నమ్మవద్దు. ముక్కు దగ్గరి జాకీతో ట్రైలర్‌ను పైకి లేపండి. పికప్ వెనకభాగం కూడా దానితోపాటు లేస్తే తాళం పడినట్టు.

లోపలికి వెళ్ళి నేల మీది ఇనుప రింగులను కూడా చూడండి. మీ కారు ప్రాణం వాటి మీదే. అవి కింది ఉక్కు ఫ్రేముకు బిగించి ఉన్నాయా, ఒట్టి ప్లైవుడ్‌కే మేకులు కొట్టినట్టు ఉన్నాయా? ఒక పాత దుప్పటి పరుచుకుని ట్రైలర్ కింద దూరి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడో పని: కారును సిద్ధం చేయడం

ముందు కడగండి. శుభ్రం కోసం మాత్రమే కాదు, మట్టి కింద ఉన్న గీత ఇంతకు ముందుదా, దారిలో పడిందా అని తరవాత తేలాలి. పగటి వెలుగులో చుట్టూ ఫొటోలు తీయండి. పైకప్పు కుట్లు, వెనక కిటికీ, జిప్పు, మూలలు దగ్గరగా తీయండి. బీమా పత్రం కూడా ఒకసారి చదవండి. పాత కార్లకు ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ ఉంటుంది. మామూలు పాలసీ అయితే వయసు లెక్కన తరుగు కోసి ఇస్తారు. ట్రైలర్ మీద ఉండగా జరిగే నష్టం వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

పెట్రోలు పావు ట్యాంకు చాలు. తొలితరం మస్టాంగ్‌లో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. రబ్బరు గొట్టం ఏ కాస్త చీలినా వాసన నేరుగా కారులోకి వస్తుంది, అక్కడి నుంచి మూసిన ట్రైలర్ నిండా పరుచుకుంటుంది. ట్రైలర్ పైకప్పు గాలి కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. కారు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కొన గుడ్డతో చుట్టేయండి, కానీ కారు ఎక్కించి, అన్ని పనులూ అయ్యాకే.

చక్రాల అలంకార మూతలు, ఊడొచ్చే ఏరియల్, లోపలి మ్యాట్లు, డ్యాష్‌బోర్డు అరలోని సామాను తీసి పికప్‌లో పెట్టండి. డిక్కీలో జాకీ, స్టెప్నీ గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూడండి. వెయ్యి మైళ్ళు ఊగే స్టెప్నీ డిక్కీ రేకును లోపలి నుంచి మొటిమలు మొటిమలుగా పొడుస్తుంది.

నాలుగో పని: పైకప్పు

కారు ముఖం ఎప్పుడూ ప్రయాణదిశలోనే ఉండాలి. గుడ్డ పైకప్పు ముందు అంచును అద్దం ఫ్రేముకు గొళ్ళాలతో బిగిస్తారు. ముందు నుంచి వచ్చే గాలిని తట్టుకునేలానే అది తయారైంది. అదే కారును వెనక్కు తిప్పి తెరిచిన ట్రైలర్ ఎక్కిస్తే గాలి వెనక కుట్లలో, జిప్పు సందుల్లో దూరి లోపలి నుంచి పైకప్పును సంచిలా ఉబ్బిస్తుంది. బరువు సర్దుబాటు కోసం కారును తిప్పి ఎక్కించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఇంజను వెనక ఉన్న కారు సంగతి వేరే. కన్వర్టిబుల్‌కు మాత్రం ఆ సలహా వద్దు. అవసరమైతే కారును అరడుగు ముందుకో వెనక్కో జరిపి బరువు సర్దండి.

పైకప్పు వేసి ఉంచాలా, మడిచి ఉంచాలా? నా మాట: వేసి, గొళ్ళాలు పెట్టి ఉంచాలి. మడిచిన గుడ్డ రెండు రోజులు ఒకే మడతలో ఊగుతూ ఉంటే ఇనుప కమ్ములు తగిలే చోట ఒరుసుకుపోతుంది. ఇక వెనక కిటికీ. 1965 మస్టాంగ్‌లో అది గాజు కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్. చలిలో బిరుసెక్కుతుంది. గడ్డకట్టే రాత్రి తరవాత తెల్లవారుజామున దాన్ని మడిస్తే గీత పడటంతో ఆగదు, ఒక్కోసారి అప్పడంలా పగులుతుంది.

తెరిచిన ట్రైలర్ అయితే గాలి లెక్క కూడా వేసుకోండి. మీరు గంటకు 60 మైళ్ళ వేగంతో వెళుతుంటే ఎదురుగాలి 30 ఉంటే, పైకప్పు మీద గాలి 90. కిటికీ అద్దాలు పూర్తిగా ఎత్తండి, వెనక జిప్పు చివరిదాకా లాగండి. పైకప్పు ముందు అంచు లోపల పొడవునా ఒక పాత తువాలు కుక్కండి. వానలో ఆ రబ్బరు పట్టీ కింద నుంచి నీరు సూదిలా చొచ్చుకొస్తుంది. కుట్లు వదులైన పైకప్పును అసలు తెరిచిన ట్రైలర్ ఎక్కించవద్దు.

ఇక కారు మీద కప్పే కవరు. నా మొదటి తప్పు ఇదే. తెరిచిన ట్రైలర్ మీద కారుకు మెత్తని కవరు తొడిగి, తాళ్ళతో బిగించి, ఎంతో ముందుచూపు ఉన్నవాణ్ణని మురిసిపోయాను. 200 మైళ్ళ తరవాత విప్పి చూస్తే ముందు మడ్‌గార్డు శిఖరం మీద బొటనవేలంత మేర రంగు పోయి కింది బూడిదరంగు ప్రైమరు కనిపిస్తోంది. కవరు అంచు గాలికి క్షణానికి ఎన్నోసార్లు కొట్టుకుంటూ, మధ్యలో చిక్కిన దుమ్ముతో గరుకు కాగితంలా పనిచేసింది. అందుకే తెరిచిన ట్రైలర్ మీద కవరు వద్దు. రాళ్ళ భయముంటే పికప్ వెనక చక్రాలకు వెడల్పాటి మట్టి రేకులు కట్టండి. అంటించే టేపును పాత రంగు మీద నేరుగా వేయకండి. ఎండకు కాలాక తీస్తే రంగుతో సహా వస్తుంది.

మూసిన ట్రైలర్‌లోనూ నేను కవరు వేయను. వెనక ర్యాంపు తలుపు సందుల్లోంచి సన్నని దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది. ఆ దుమ్ము రంగు మీద ఊరికే పడి ఉంటే నీళ్ళతో పోతుంది, కవరు కింద చేరితే గీతలు మిగులుతాయి.

అయిదో పని: ఎక్కించడం

1965 మస్టాంగ్‌లో బ్రేకులన్నింటికీ నూనె పోయే దారి ఒకటే. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. బ్రేకు నూనెను రెండు దారుల్లో విడివిడిగా తోసే రెండు భాగాల మాస్టర్ సిలిండర్ మస్టాంగ్‌కు 1967 మోడలు నుంచే వచ్చింది. కాబట్టి ర్యాంపు మీద బ్రేకు పెడల్‌ను నమ్ముకోవడం కంటే మన లారీ క్లీనర్ల పద్ధతే మేలు: కారు ఒక అడుగు కదలగానే చక్రం వెనక దిమ్మ.

మేము వించ్ వాడాం. మూసిన ట్రైలర్‌లో చక్రాల పెట్టెల మధ్య ఉన్న చోటు 82 అంగుళాలు, కారు వెడల్పు 68. అటూ ఇటూ ఏడేసి అంగుళాలు. నడిపి ఎక్కిస్తే తలుపు తీసుకుని బయటపడటం కష్టం. కన్వర్టిబుల్ కాబట్టి పైకప్పు దించి, సీటు మీద గుడ్డ పరిచి, పైనుంచి దూకి రావచ్చు. కానీ తరవాత పైకప్పు వేయాలంటే దాని కమ్ములు అర్ధచంద్రంలా పైకి లేచి దిగుతాయి. ట్రైలర్ కప్పు ఎత్తు చాలకపోతే అక్కడే ఇరుక్కుంటుంది. వించ్‌తో ఆ బాధ లేదు. పైకప్పు వేసి ఉన్న కారును న్యూట్రల్‌లో పెట్టి, నేను రిమోట్ నొక్కుతుంటే మా బావమరిది కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని పక్కన నడిచాడు.

"బావా, ఎడమ చక్రం ముందు ఎక్కుతోంది, ఆపండి!" అని అరిచాడు ఒకసారి. ఆపి, వెనక్కి దించి, మళ్ళీ సూటిగా పెట్టాం. ఒక చక్రం ముందుగా ర్యాంపు ఎక్కితే కారు దేహం తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతుంది. పైకప్పు రేకు ఉన్న కారు దాన్ని ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు. అదే కారణంతో కారు సగం ర్యాంపు మీద ఉండగా తలుపు తెరవవద్దు. తెరుచుకున్న తలుపు మళ్ళీ పడకపోవచ్చు. వించ్ కొక్కేన్ని బంపరుకు తగిలించకండి, ముందు చక్రాలను పట్టి ఉంచే కింది ఇనుప చేతులకు (లోవర్ కంట్రోల్ ఆర్మ్‌లకు) రెండు వైపులా పట్టీ వేసి లాగండి.

కారు ఎక్కాక ముక్కు మీది బరువు తూకం వేయాలి. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం చాలు. దాని మీద ఒక దూలం కొన పెట్టి, రెండో కొనను మూడడుగుల దూరంలో ఇనుప గొట్టం మీద ఆనించండి. ట్రైలర్ ముక్కును గొట్టానికి అడుగు దూరంలో, యంత్రానికి రెండడుగుల దూరంలో దూలం మీద దించండి. ముక్కు ఎత్తు హిచ్ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. దూలం బరువు తీసేసి, యంత్రం చూపిన అంకెను మూడుతో హెచ్చించండి. మాకు 285 వచ్చింది, అంటే 855 పౌన్లు. దారిలో ట్రక్కులు ఆగేచోట క్యాట్ స్కేల్ కాటాల మీద మొత్తం బరువు మళ్ళీ సరిచూసుకోవచ్చు.

ఆరో పని: కట్టడం

నా రెండో తప్పు కట్టడంలో. ఆ పాత కారును ఛాసిస్‌కు పట్టీలు వేసి, పట్టీని బిగించే మర (రాట్చెట్) ఇక తిరగనంత వరకూ బిగించాను. స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుపోయాయి. కారు కదలదులే అని ధీమా. యాభై మైళ్ళకు ఆగి చూస్తే రెండు పట్టీలు వేలాడుతున్నాయి. గతుకు వచ్చినప్పుడు స్ప్రింగు ఇంకాస్త నొక్కుకుంటుంది, ఆ క్షణాన పట్టీ వదులై కొక్కెం రింగు నుంచి జారుతుంది. పైగా అంతసేపూ ఆ లాగుడంతా కారు నడుము మీద.

అందుకే చక్రాలనూ యాక్సిల్‌నూ కట్టండి, దేహాన్ని కట్టకండి. చక్రాలు ట్రైలర్ నేలకు అతుక్కుని ఉండాలి, వాటి మీద కారు తన స్ప్రింగుల మీద తాను ఊగాలి. మస్టాంగ్ ముందు చక్రాలకు టైరు మీదుగా పోయే వల లాంటి పట్టీలు వేశాం. స్టీరింగు కడ్డీలకూ, చక్రాన్ని ముందుకు పట్టి ఉంచే సన్నని కడ్డీకీ కొక్కేలు వేయకూడదు, వంగిపోతాయి. వెనక లీఫ్ స్ప్రింగుల మీద, మన లారీల భాషలో కమాన్ల మీద, నిలబడ్డ గట్టి యాక్సిల్ గొట్టం ఉంది. దాని చుట్టూ మెత్తని తొడుగున్న పట్టీ వేయవచ్చు. కానీ టార్చి వేసి చూడండి: ఆ గొట్టం వెంబడే పెన్సిలు కంటే సన్నని బ్రేకు గొట్టం పోతుంది. పట్టీ దాన్ని నొక్కితే కారు దించిన రోజున బ్రేకులు ఉండవు. చోటు లేకపోతే వెనకా టైరు పట్టీలే వేయండి. వేడెక్కిన సైలెన్సరు గొట్టానికి పట్టీ తగలకూడదు, పాలియెస్టరు కరిగిపోతుంది.

రెండంగుళాల రాట్చెట్ పట్టీ మీద 3,333 పౌన్లు అని ఉంటుంది, అది పని భారం. తెగే భారం దానికి మూడు రెట్లు. అమెరికాలో వ్యాపార వాహనాలకున్న కేంద్ర నిబంధన ఇలాంటి కారుకు ముందు వైపునా వెనక వైపునా కలిపి కనీసం రెండు కట్లు చాలంటుంది. సొంత కారుకు నాలుగు మూలలా నాలుగు వేయండి, వెనక రెండూ ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా.

బిగించేటప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ముందు పట్టీలు, తరవాత వెనకవి, రెండు వైపులా సమంగా. కారు బరువు పట్టీల మీద స్థిరపడ్డాకే గేరును పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. ముందే పార్క్‌లో పెడితే గేరుపెట్టెలోని చిన్న పన్ను వెయ్యి మైళ్ళు కారును ఆపే పని చేస్తుంది. వించ్ తాడు కట్టుగా లెక్కకు రాదు. మిగిలిన పట్టీ కొసలను చుట్టి కట్టేయండి, లేకపోతే అవే కొరడాల్లా రంగును కొడతాయి.

కట్టాక ఒక చిన్న పరీక్ష. తలుపు వెనక అంచుకూ పక్క రేకుకూ మధ్య సందును కట్టకముందు ఫొటో తీసి ఉంచండి. కట్టిన తరవాత పైన సందు పెరిగినా తగ్గినా దేహం మీద లాగుడు పడుతోందన్నమాట. విప్పి మళ్ళీ కట్టండి.

ఏడో పని: దారి

బయలుదేరిన 25 మైళ్ళకు మొదటి ఆగుడు. కొత్తగా కట్టిన పట్టీలు ఈ లోపే సర్దుకుంటాయి. తరవాత 50 మైళ్ళకు, ఆపైన పెట్రోలు కోసం ఆగిన ప్రతిసారీ. ట్రైలర్ నాలుగు చక్రాల నడిమి భాగాల (హబ్‌ల) మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. చవక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే ఇంకా మంచిది. అంకె ఎంత అన్నది కాదు, మూడింటి కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోందని అర్థం.

పశ్చిమ టెక్సస్‌లో బోర్డు 80 అంటుంది. పక్కగోడ మీద వేరే వేగం గుర్తు లేని ట్రైలర్ టైర్ల హద్దు మామూలుగా 65. మేము 62లో వెళ్ళాం, వెనక లారీలు హారను కొట్టాయి, కొట్టనిచ్చాం. కాలిఫోర్నియా వైపు వెళ్ళేవారికి ట్రైలర్‌తో 55 దాటకూడదన్నది చట్టమే. తోక ఊగడం మొదలైతే పికప్ బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు నిలకడగా పట్టుకుని, పికప్‌లో ఉండే ట్రైలర్ బ్రేకు కంట్రోలర్ మీట చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయండి.

ఐ-10 హైవే మీద న్యూమెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గర ఎండిన సరస్సు ఉంది. గాలి లేస్తే దుమ్ము తెరలా అడ్డుపడి ఎదుటి బండి కనబడదు. దుమ్ము తుఫాను కనిపిస్తే ముందే దిగే దారి చూసుకోండి. చిక్కుకుంటే రోడ్డు దిగి వీలైనంత దూరంగా ఆపి, దీపాలన్నీ ఆర్పి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్రేకు పెడల్ మీద నుంచి కాలు తీయండి. మీ వెనక దీపాలను చూసి అదే రోడ్డు అనుకుని వెనకవాళ్ళు వచ్చి గుద్దకుండా ఈ జాగ్రత్త. రాత్రి మోటెల్‌లో ఆగితే ట్రైలర్ వెనక తలుపు గోడకు ఆనేలా నిలిపి, హిచ్‌కు తాళం వేయండి.

దించేటప్పుడు

ఇల్లు చేరాం కదా అన్న తొందరలో దెబ్బలు ఎక్కువ. ట్రైలర్ పికప్‌కు తగిలించి ఉండగానే, చదును నేల మీదే దించండి. వించ్ తాడు బిగువుగా పెట్టి, చక్రాలకు దిమ్మలు వేసి, అప్పుడు వెనక పట్టీలు, చివర ముందు పట్టీలు విప్పండి. బ్రేకు పెడల్ తొక్కి చూసి, యాక్సిల్ గొట్టం దగ్గర తడి లేదని చూసి, వించ్ మీదే నెమ్మదిగా వెనక్కి వదలండి.

మేము డాలస్ చేరేసరికి ఉదయం ఏడు, బయట గడ్డకట్టే చలి. వీధిలో పిల్లలు పోగై పైకప్పు తెరిచి చూపించమన్నారు. కారును ఎండలో నిలిపి, వెనక ప్లాస్టిక్ కిటికీ మీద అరచేయి పెట్టినప్పుడు గోరువెచ్చగా తగిలేదాకా, మధ్యాహ్నం రెండు గంటల వరకూ, ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు.